దొంగ మిట్ట

మేస్త్రి తల్లి రాయిని టోపీ దొంగ మిట్ట మీద పెట్టాడు. టోపీ మీద మేస్త్రికి ఉన్న కోపాలన్నిటికీ అదే అడుగు వరస. మిగతావన్నీ దాని మీద ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వచ్చినవే.

టోపీ అంటే మేస్త్రి పెదనాన్న కొడుకు. కంపెనీ ఇచ్చిన నీలం టోపీని స్నానానికి తప్ప తల మీంచి తీయడు. "వాడొకటి పెట్టుకుని, మనందరికీ తలా ఒకటి పెట్టాడు" అని మేస్త్రి టీకొట్టు దగ్గర అన్నప్పుడు మొదట్లో అందరూ నవ్వారు. ఏడాదిగా అదే మాట అంటూంటే ఇప్పుడు టీకొట్టువాడు కూడా నవ్వడం లేదు. గ్లాసు ముందుకు తోసి ఊరుకుంటున్నాడు.

ఆ సోమవారం మేస్త్రి కడుతున్నది దొంగ మిట్ట చుట్టూ రాతి ప్రహరీ. ఆ పని ఇప్పించింది కూడా టోపీయే. అది ఇంకో వరస. ఎవరి మొహం చూడకూడదనుకున్నాడో వాడు చూపించిన కూడే తినాల్సి వచ్చింది. వానలు మొదలయ్యే కాలంలో గోడపని ఇంకెక్కడా దొరకదు. సుత్తితో రాయి మూల కొట్టి, చేతిలో తిప్పి, రెండో మూల కొట్టి, సిమెంటు మాలు మీద కూర్చోబెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేస్తున్నాడు. తూకం గుండు వదిలి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఎంత కోపంతో కడుతున్నా గోడ వంకర పోవడం లేదు. ఆ సంగతి అతనికే చిరాగ్గా ఉంది.

రోడ్డుకి అవతల అసలు మిట్ట. దాని నడుం దాకా కంపెనీ గోదాములు ఎక్కేశాయి. నెత్తి మాత్రం ఇంకా మిగిలింది, గడ్డితో, గడ్డి కింద రాళ్ళతో. మేస్త్రి పొద్దుటి నుంచీ దానికి వీపు పెట్టి పని చేస్తున్నాడు.

మేస్త్రి వాళ్ళ మనుషుల్లో ఎవరైనా పోతే, కొడుకో కూతురో వాగులోంచి ఒక నున్నటి రాయి తెచ్చి మిట్ట మీద బోర్లిస్తారు. పేరు రాయరు, గుర్తు పెట్టరు. ఏ రాయి ఎవరిదో పెట్టిన చేతికి తెలిస్తే చాలు. ఒకసారి పెట్టిన రాయిని మళ్ళీ లేపకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టడి, మిట్ట వైపు వేలు చూపకూడదు. దాని మాట వచ్చినప్పుడు చెయ్యి పిడికిలి ముడుచుకోవాలి. చిన్నప్పుడు వేలు చాపినందుకు తల్లి గరిటె తిరగేసి కొట్టిన దెబ్బకి మేస్త్రి కుడి చూపుడువేలి కణుపు ఇప్పటికీ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. కింది ఊళ్ళ నుంచి ఎవరైనా వచ్చి మీ పెద్దల చోటు ఎక్కడ అని అడిగితే ఏం చెయ్యాలో కూడా ఇంట్లో నేర్పేవారు. మర్యాదగా ముందు నడిచి, ఇంకో మిట్టకి తీసుకెళ్ళి చూపించాలి. అదే దొంగ మిట్ట. ముత్తాతల కాలంలో సర్వే వాళ్ళు దాన్నే పటంలో ఎక్కించుకున్నారు. అసలుదాన్ని బీడు అని రాసుకున్నారు. బీడు కాబట్టి తరవాత కంపెనీకి ఇచ్చారు.

కంపెనీ అసలు మిట్టకి ముళ్ళతీగ చుట్టాక చచ్చినవాళ్ళకి చోటు లేకుండా పోయింది. అప్పుడు టోపీ కంపెనీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, పటంలో ఉన్నదానికైనా కంచె వేయండి, తాళం మాకివ్వండి అని అడిగాడు. తాళంతో పాటు కాపలా ఉద్యోగం, టోపీ కూడా తెచ్చుకున్నాడు. పోయినేడు మేస్త్రి తల్లి పోయింది. అబద్ధం మీద అమ్మని పెట్టనని మేస్త్రి వాగుకి వెళ్ళలేదు. చూసి చూసి టోపీయే వెళ్ళి రాయి తెచ్చాడు, తనే బోర్లించాడు. అంతసేపూ మేస్త్రి గేటు బయట చేతులు కట్టుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

"తమ్ముడూ, గేటు దగ్గర ఇంకో వరస లేపరాదూ. మేకలు దూకుతున్నాయి."

టోపీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి గోడ మీద మోచెయ్యి ఆనించాడు.

"మాలు పచ్చిగా ఉంది. చెయ్యి తియ్."

తీశాడు.

"లోపల ఏముందని అన్నా, మేకల్ని ఆపడానికి?"

"మీ అమ్మ ఉంది."

"మా అమ్మ లేదు. నువ్వు పెట్టిన రాయి ఉంది."

టోపీ ఫ్లాస్కు మూతలో టీ పోసి గోడ మీద పెట్టాడు. "చల్లారిపోతుంది" అన్నాడు. మేస్త్రి మూత అందుకుని, ఉన్నదంతా మాలులో ఒంపేసి, తాపీతో కలిపాడు.

కాంట్రాక్టరు మోటారు సైకిలు దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని గోడ లోపలికి చూశాడు. "రోడ్డు పక్క ఎంత చదునైన చోటయ్యా. లారీలు నిలుపుకోడానికి మావాళ్ళు చావలేక చస్తున్నారు. ఏం చేస్తాం, మీ పెద్దల స్థలమైపోయె" అని నాలుక చప్పరించి వెళ్ళిపోయాడు. ఆ మాటకి టోపీ తమ్ముడి మొహంలోకి చూశాడు. తమ్ముడు గుండు తాడు చూసుకుంటున్నాడు.

"బుధవారం మీటింగులో నువ్వు నోరెత్తకు" అన్నాడు టోపీ.

"దాని కోసమే బతికున్నా" అన్నాడు మేస్త్రి.

అసలు మిట్ట నెత్తి కూడా చదును చేసుకుంటామని కంపెనీ దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలు ఉంటే చెప్పమని బుధవారం పెద్దాఫీసు నుంచి ఒక మేడం వస్తోంది.

మంగళవారం సాయంత్రం మేనత్త వసారాలో చేరారు. ఇప్పుడు బతికున్నవాళ్ళలో పెద్దది ఆవిడే. చేటలో గింజలు ఒలుస్తూ, పుచ్చువి ఒక పక్కకి నెడుతూ వింటోంది.

"చెప్పేద్దాం. అసలుది ఇదీ అని చెప్పేస్తే నెత్తి అయినా దక్కుతుంది" అన్నాడు మేస్త్రి.

"ఇన్నేళ్ళు అది కాదు ఇదని చెప్పి, ఇప్పుడు ఇది కాదు అదంటే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు టోపీ.

"చెప్పింది ఎవరు? సర్వే వాళ్ళ ముందు నడిచి దొంగచోటు చూపించింది వీళ్ళ ముత్తాత కాదా? వీళ్ళ వంశానికే అదో విద్య" అన్నాడు మేస్త్రి.

"వీళ్ళ ముత్తాత నీకేమవుతాడ్రా?" అంది మేనత్త తలెత్తకుండానే. "పక్కింటాయనా?"

వసారా అంతా నవ్వింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి.

మేనత్త కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు. "ముత్తాత తప్పేముంది బావా? అడిగినవాడు దోచుకోడానికి అడుగుతుంటే నిజం చెప్పాలా? ఇంట్లోకి దొంగలొస్తే నగలెక్కడున్నాయో చూపిస్తామా? ఆయన చేత అబద్ధం ఆడించినవాళ్ళది తప్పు."

"అదే అక్కడ చెప్పు."

"చెప్తాను. వాళ్ళ తప్పు గురించి చెప్తాను. చోటు గురించి చెప్పను."

టోపీ అరుగు చివర కూర్చుని గేటు తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్నాడు. "నెత్తిని వాళ్ళు ఎలాగూ వదలరు. ఇదైనా నిలబెట్టుకుందాం. అక్కడిప్పుడు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడు. చోటు అబద్ధమే అనుకో, ఏడ్చింది నిజంగానేగా."

"జీతం కూడా నిజమే. అదీ చెప్పు" అన్నాడు మేస్త్రి.

ఎవరూ నవ్వలేదు. టోపీ తాళంచెవి తిప్పడం ఆపాడు. మేనత్త చేట కింద పెట్టింది. "మిట్టని చెప్పుకోకూడదు. చెప్పుకుంటే పోతుంది. అంతే నాకు తెలిసింది. వెళ్ళి పడుకోండి."

దారిలో భార్య అడిగింది. "నిజం చెప్పయ్యా. నీకు మిట్ట కావాలా, మీ అన్న తల మీద టోపీ ఊడాలా?"

"రెండూ."

"రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నావు. చూసుకో."

బుధవారం మార్కెట్టు ఆఫీసు మేడ మీద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గోడకి పటం తగిలించారు. దొంగ మిట్ట చుట్టూ ఆకుపచ్చ గీత, అసలు మిట్ట మీద ఏమీ లేదు. ఫ్యాను గాలికి పటం లేచినప్పుడల్లా గుమాస్తా వెళ్ళి అదిమిపెట్టి వస్తున్నాడు. మేడం కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే వేలితో ఎగదోసుకుంటూ అందరినీ ఓపిగ్గానే వింటోంది. మేస్త్రికి అది నచ్చింది. ఓపికగల మనిషి దొరికింది, ఇంక టోపీ పని అయిపోయినట్టే అనుకున్నాడు.

కంపెనీ లాయరు గొంతు మెత్తగా ఉంది. "వీళ్ళ పెద్దలే నడిచి వచ్చి చూపించిన చోటు పటంలో ఉంది మేడం. దాన్ని మేం ముట్టుకోలేదు. మా ఖర్చుతో గోడ కట్టిస్తున్నాం, వీళ్ళ మనిషికే కాపలా ఉద్యోగం ఇచ్చాం. ఎప్పుడో ఎవరో వీళ్ళకి అన్యాయం చేసి ఉండొచ్చు. కాదనను. దానికి ఇవాళ గోదాములో మూటలు మోసి బతికేవాడి పొట్ట కొడదామా?"

నర్సు లేచింది. "పాతబడితే అన్యాయం న్యాయమైపోతుందా అండీ? తాతలు తీసుకున్న నేల మనవలకి ఆస్తిగా వస్తుంది. తాతల తప్పు మాత్రం ఎవరికీ రాదు. అదెక్కడి పంపకం?"

వెనక కుర్చీల్లో చప్పట్లు కొట్టారు. మేడం చెయ్యెత్తి ఆపింది. "మీరన్నది నేను కాదనడం లేదమ్మా. కానీ ఇప్పుడు నా ముందున్నది చరిత్ర కాదు, దరఖాస్తు. రోడ్డుకి అవతల పై మిట్ట మీద మీకు ఏముందో చెప్పగలరా?"

నర్సు తల్లి వైపు చూసింది. మేనత్త రెండు పిడికిళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నర్సు కూర్చుంది.

అప్పుడు మేస్త్రి లేచాడు. ఈ మాటల్ని అతను ఏడాదిగా చెక్కుకుంటున్నాడు, రాయి మూల కొట్టినట్టు, ఎక్కువ తక్కువ లేకుండా.

"మేడం, ఆ గోడ కట్టేవాణ్ణి నేను. దాని లోపలున్నది అబద్ధం. పటంలో ఉన్నది అబద్ధం. మా పెద్దలు మీ వాళ్ళకి కావాలనే తప్పు చోటు చూపించారు. ఆ అబద్ధానికి కంపెనీ వాళ్ళు ఒక కాపలావాణ్ణి పెట్టుకున్నారు. అదిగో, మూడో వరసలో, నీలం టోపీ."

హాల్లో తలలన్నీ తిరిగాయి. మేస్త్రి ఒంట్లో ఏదో చల్లగా పాకింది. ఎండలో రోజంతా పనిచేసి నెత్తిన కుండెడు నీళ్ళు పోసుకున్నట్టుంది. టోపీ కుర్చీలో కదల్లేదు.

"అసలుది చూపించగలరా?" అంది మేడం.

"పదండి."

జీపులో మేడం, లాయరు, గుమాస్తా. వెనక నడిచి మిగతా అందరూ. దొంగ మిట్టకీ అసలు మిట్టకీ మధ్య రోడ్డు మీద ఆగారు. మేస్త్రి చెయ్యెత్తాడు. పిడికిలి తనంతట తాను ముడుచుకుంది. ఎడం చేత్తో కుడి వేలిని పట్టి లాగినంత పని చేసి, చాపాడు. ఉబ్బిన కణుపు సలిపింది. "అదుగో, ఆ ఒంటి పొద దగ్గర్నుంచి, ఆ తెల్లబండ దాకా."

వెనక ఆడవాళ్ళు మొహాలు అటు తిప్పుకున్నారు. మేనత్త రోడ్డు మీదే చతికిలబడింది. నర్సు వంగి ఆవిణ్ణి పట్టుకుంది. మేస్త్రి వాళ్ళని చూడలేదు. టోపీని చూస్తున్నాడు. ఒక్క మాట అనమను, అడ్డు పడమను, తిట్టమను అన్నట్టు. టోపీ తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"అయితే ఈ గోడ లోపలిది?" మేడం ఇటు తిరిగింది.

"అక్కడేమీ లేదు."

"ఏమీ లేదంటే?"

లాయరు జీపులోంచి నీళ్ళ సీసా తీసి మేస్త్రి చేతికిచ్చాడు. "తాగండి, తొందరేం లేదు. ఆ మాటే ఇంకోసారి స్పష్టంగా చెప్పండి. గుమాస్తా గారు రాసుకుంటారు."

ఇంతమంది ముందు తనని 'అండీ' అన్న పెద్దమనిషి ఇతనే. మేస్త్రి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, టోపీ చెవిన పడేలా గొంతు పెంచాడు. "అక్కడేమీ లేదండీ. ఉత్త నేల."

గుమాస్తా రాసుకున్నాడు. టోపీ తల మీంచి టోపీ తీసి, చెమట తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజు మేస్త్రి ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. భార్య వడ్డించి, గిన్నెలు లోపలికి తీసుకెళ్ళిపోయింది.

శనివారం టీకొట్టు గోడకి నోటీసు అంటించారు. నర్సు నిలబడి పైకి చదివింది. మొదటి ముక్క చదువుతున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. పై మిట్ట గురించి ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. తెలిసి తెలిసి తప్పు చోటు చూపించామని వాళ్ళ మనిషే ఒప్పుకున్నాడు కాబట్టి, ఇప్పుడు చూపిస్తున్నది నిజమనడానికి ఆధారం కనపడలేదు. చదును చేసుకోవచ్చు. రెండో ముక్క దగ్గర ఆగి, కళ్ళతో ఒకసారి చదువుకుని, అప్పుడు పైకి చదివింది. రోడ్డు పక్క స్థలంలో ఏమీ లేదని అదే మనిషి రెండుసార్లు చెప్పాడు కాబట్టి, దానికిచ్చిన రక్షణ రద్దు. కంపెనీ తన అవసరాలకి వాడుకోవచ్చు.

టీకొట్టువాడు గ్లాసులు కడుగుతూ అన్నాడు. "ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె."

అందరూ మేస్త్రి వైపు చూశారు. తిట్టినా బాగుండేది. "నేను చెప్పింది నిజం. నిజం చెప్తే తప్పా?" అన్నాడు అతను. నర్సు చెప్పుల చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. అయినా ఇంటికి నడుస్తూ మేస్త్రి ఒక్కటి మాత్రం నెమరు వేసుకున్నాడు. కాపలా పెట్టడానికి ఏమీ లేనిచోట కాపలావాడు ఎందుకు? టోపీ ఊడింది. కనీసం అది దక్కింది.

సోమవారం పొద్దున కాంట్రాక్టరు కబురు పెట్టాడు. గోడ ఊడదీయాలి. "నువ్వు కట్టిందేగా. ఎక్కడ పట్టుందో నీకే తెలుస్తుంది. రాళ్ళు పగలకుండా తీస్తే గోదాముకి వాడుకుంటాం. కూలి ఇస్తాలే."

మేస్త్రి సుత్తి, గునపం తీసుకుని వెళ్ళాడు. గేటు తెరిచి ఉంది. రోడ్డు మీద పెద్ద మిషను ఇంజను నడుస్తూనే ఉంది. దాని డ్రైవరు దిగి బీడీ కాల్చుకుంటున్నాడు. "ఇంకెంతసేపు? గంటల లెక్కండీ నాది" అంటే, కాంట్రాక్టరు "పోనీలేవయ్యా, ఒక్కసారి చూసుకోనీ" అన్నాడు.

లోపల వాళ్ళ మనుషులంతా ఉన్నారు. పెట్టిన రాయిని లేపకూడదు. కాబట్టి లేపడానికి ఎవరూ రాలేదు. నిలబడటానికి వచ్చారు. ఒక్కొక్కరూ గేటు దాటి, వెతుక్కోకుండా, తడుముకోకుండా, చీకట్లో తన ఇంట్లో నీళ్ళకుండ దగ్గరికి నడిచినట్టు తిన్నగా ఒక రాయి దగ్గరికి నడిచి ఆగుతున్నారు. మేనత్త తన మొగుడి దగ్గర. నర్సు ఆవిడ పక్కన. టీకొట్టువాడు, ఏడాదిగా మేస్త్రి మాటలకి నవ్వని ఆ టీకొట్టువాడు, గేటుకి కాస్త ఎడంగా, అరచెయ్యంత రాయి దగ్గర. వాడికో పసిబిడ్డ పోయిందని మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. మనిషి నిలబడని రాళ్ళు కూడా చాలా ఉన్నాయి, పనుల కోసం ఊళ్ళు పట్టుకుపోయినవాళ్ళవి. అన్నీ వాగు రాళ్ళే. అన్నీ బోర్లా. అన్నీ నున్నగా, ఒక తల్లి పిల్లల్లా.

టోపీ తన తండ్రి రాయి దగ్గర నిలబడ్డాడు. తల మీద టోపీ లేదు. నుదుటి మీద అది ఉన్నంత మేర తెల్లటి చార. మేస్త్రి ఆ చార చూశాడు. ఏడాదిగా చూడాలనుకున్నది అదే. తీరా చూస్తే అది ఎవరో అన్నం తిని వదిలేసిన పళ్ళెంలా ఉంది.

గునపం గేటుకి ఆనించి లోపలికి వెళ్ళాడు. ఈ నేల మీద అతను కాలు పెట్టడం ఇదే మొదలు. నాలుగు రాళ్ళు దాటి ఆగాడు. ఏ రాయినైనా చేత్తో తిప్పి ఇది ఏ క్వారీదో, ఎన్ని దెబ్బలకి పగులుతుందో చెప్పే మనిషి. నడుం వంచి ఒకటి చూశాడు. ఇంకొకటి చూశాడు. కొద్దిగా తెల్లగా ఉన్నదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కాదేమోనని లేచాడు. జనం చూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

మేస్త్రి టోపీ దగ్గరికి నడిచాడు.

"అన్నా."

టోపీ తలెత్తాడు.

"అమ్మ ఎక్కడ?"

మిషను డ్రైవరు బీడీ పారేసి పైకెక్కాడు. టోపీ కుడి చెయ్యి కొంచెం లేచింది. మేస్త్రి దాన్నే చూశాడు. ఆ చెయ్యి పిడికిలి ముడుచుకుని, నెమ్మదిగా మళ్ళీ కిందికి దిగింది.

"వేలు చూపకూడదుగా తమ్ముడూ" అన్నాడు టోపీ. గొంతులో కోపం లేదు. గుండు వదిలి చూసిన గోడలా నిటారుగా ఉంది. "అయినా నువ్వే చెప్పావుగా. అక్కడేమీ లేదని."

"చూపించొద్దు. ఊరికే దాని పక్క నుంచి నడు. నేను వెనక వస్తా."

"ఉత్త నేల అన్నావు. రాసుకున్నారు కూడా."

"కాళ్ళు పట్టుకుంటా అన్నా."

టోపీ తన తండ్రి రాయికి తల వంచి, తమ్ముడి పక్క నుంచి నడిచి గేటు దాటాడు. నడిచేటప్పుడు ఎటూ చూడలేదు. ఏ రాయి దగ్గరా అడుగు తడబడలేదు. టోపీ వెళ్ళిన దారి పొడుగునా మేస్త్రి కళ్ళు పరిగెత్తాయి. ఏమీ దొరకలేదు. మేనత్త లేచింది, కూతురి భుజం పట్టుకుని వెళ్ళింది. ఒక్కొక్కరే వెళ్ళారు. ఎవరూ అతన్ని తాకలేదు.

"కానీవయ్యా" అన్నాడు కాంట్రాక్టరు. "ముందు గేటు పక్కది తియ్, మిషను లోపలికి రావాలి. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి, పని అప్పగించినట్టు. చదవాలా?"

"చదువు."

కాంట్రాక్టరు చదివాడు. పై మిట్ట నెత్తి, ఒక ఎకరం అరవై రెండు సెంట్లు. రోడ్డు పక్క స్థలం, రెండు ఎకరాల పంతొమ్మిది సెంట్లు.

మేస్త్రి ఉబ్బిన కణుపున్న వేలు చాచబోయి, ఆపి, బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కాడు. తరవాత తను కట్టిన గోడ పై వరస రాయి కింద గునపం దూర్చాడు. మాలు బాగా పట్టింది. రాయి రాలేదు. టీ కలిపిన మాలు ఇదేనని తెలిసింది. బలం కొద్దీ ఎత్తుతూ మనసులో కూడుకున్నాడు. బడి మానేసినా గోడల లెక్కలు చేసిన మనిషి, కూడిక తప్పు పోదు.

మూడు ఎకరాల ఎనభై ఒక్క సెంట్లు. అందులో జానెడు తల్లిది.